రెండు విమానాల నడుమ ఎడ్మంటన్‌లో ఒక పగలు



మన పెద్దలు ఓడలలో వచ్చారు, మనం విమానాలలో పోతున్నాం. 1987 నాటి సైనిక తిరుగుబాట్ల తరువాత, మళ్ళీ 2000 సంవత్సరపు అలజడి తరువాత, ఫిజీలోని మన కుటుంబాలలో చాలామంది కెనడా చేరుకొన్నారు. కొందరు వాంకూవర్‌లో నిలిచారు, కొందరు కొండలు దాటి ఆల్బర్టా రాష్ట్రపు రాజధాని ఎడ్మంటన్‌కు వెళ్ళారు. 2022 నవంబరులో నాందీ నుండి వాంకూవర్‌కు నేరుగా విమానం మొదలైన పిమ్మట, ఊరు విడిచి ఎరుగని పెద్దవారు సైతం పిల్లలను చూడడానికి బయలుదేరుతున్నారు.

వాంకూవర్‌తో అందరి ప్రయాణమూ ముగియదు. చమురు ఇసుక గనులున్న ఫోర్ట్ మక్మరీకి గాని, ఇంకా ఉత్తరాన ఉన్న యెల్లోనైఫ్‌కు గాని పోయేవారు తరచు ఎడ్మంటన్‌లో విమానం మారుతారు. ఆ మజిలీ ఒక్కొక్కసారి ఎనిమిది గంటలు, పది గంటలు, పన్నెండు గంటలు కూడా ఉంటుంది. ఆ సమయంలో కుర్చీలో కూర్చుని కునుకు తీయాలా, లేక ఒక బండి మాట్లాడుకొని ఊరు చూసి రావచ్చునా అని సంఘంలో పలువురు మమ్మల్ని అడిగారు. ఆ దారిన మేము రెండుసార్లు వెళ్ళాము. మొదటిసారి చేసిన పొరపాటును రెండవసారి దిద్దుకొన్నాము. ఆ రెండూ చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మా పొరపాటు

మొదటిసారి మాకు పది గంటల మజిలీ దొరికింది. అక్క కొడుకు ఎడ్మంటన్‌లోనే ఉన్నాడు. సొంత మేనల్లుడు ఉండగా అద్దె బండి ఎందుకని వాడికి కబురు పెట్టాము. వాడు రాత్రంతా గిడ్డంగిలో పని చేసి, ఇంటికి కూడా పోకుండా, తెల్లవారేసరికి విమానాశ్రయం దగ్గర నిలబడ్డాడు. "మామా, అత్తా, రండి, అడవిదున్నలను చూపిస్తాను" అని తూర్పు దిక్కుగా తీసుకువెళ్ళాడు. చూశాము, సంతోషించాము. తిరిగి వస్తుండగా మాటల మధ్య వాడి తల వాలింది. కారు దారి అంచుకు పోయి గడగడలాడింది. మా ఇంటావిడ కేక పెట్టింది. వాడు ఉలిక్కిపడి చక్రం తిప్పుకొన్నాడు. దేవుని దయ వల్ల ఏమీ కాలేదు.

దారి పక్కన బండి ఆపి "మామా, క్షమించండి" అన్నాడు. నిజానికి క్షమాపణ చెప్పుకోవలసినది మేము. కెనడాలో మన పిల్లలు గంటల లెక్కన బ్రతుకుతున్నారు. ఒక పూట సెలవు పెడితే ఒక పూట కూలి పోతుంది. సెలవు పెట్టకపోతే నిద్ర పోతుంది. పెద్దవారు అడిగితే కాదనడం మన ఇళ్ళలో వారికి నేర్పలేదు. కాబట్టి అడిగే ముందు ఆలోచించుకోవలసిన బాధ్యత మనదే.

మొదట కాగితాలు

ఫిజీ పాస్‌పోర్టు గలవారికి కెనడాలో అడుగు పెట్టడానికి సందర్శకుల వీసా కావాలి. కెనడా మీదుగా వేరే దేశానికి 48 గంటలలోపు దాటిపోయేవారికి ట్రాన్సిట్ వీసా అని మరొకటి ఉన్నది. అది దాటిపోవడానికే గాని ఊరు చూడడానికి కాదు. ఈ భేదం తెలియక టికెట్టు కొన్న తరువాత విచారించేవారు ఉన్నారు. ఊరు చూడదలచినవారు మొదటే సందర్శకుల వీసా కోరాలి. నాందీ నుండి వచ్చేవారికి ఈ పరీక్ష వాంకూవర్‌లోనే జరుగుతుంది. అక్కడి నుండి ఎడ్మంటన్‌కు దేశంలోపలి విమానమే గనుక, దిగిన వెంటనే బయటికి రావచ్చును.

రెండవది సామాను. అంతా ఒకే టికెట్టు మీద ఉంటే పెట్టెలు చివరి ఊరికే పోతాయా అని బయలుదేరినచోటే అడిగి తెలుసుకోండి. వేరు వేరు టికెట్లయితే పెట్టెలు మీరే తీసుకొని మళ్ళీ అప్పగించాలి. అప్పుడు తరువాతి విమానం తప్పితే ఆ నష్టం కూడా సాధారణంగా మీదే. మందులు, పాస్‌పోర్టు, ఒక చలికోటు చేతిసంచిలోనే ఉంచుకోండి.

గంటల లెక్క

మజిలీ ఎంత పొడవైనా అందులో మన చేతికి వచ్చేది సగమే. పది గంటలు ఉన్నాయనుకోండి. విమానం దిగి బయటికి రావడానికి ఒక గంట తీసివేయండి. తరువాతి విమానానికి రెండు గంటల ముందు తిరిగి ఉండాలి. అమెరికాకు పోయేవారైతే మూడు గంటలు ఉంచుకోండి, ఎందుకంటే అమెరికా ప్రవేశపు తనిఖీ ఎడ్మంటన్ విమానాశ్రయంలోనే జరుగుతుంది. దారిలో ఏదైనా ఆటంకం వస్తుందేమోనని ఇంకొక గంట. మిగిలినవి ఐదు, ఆరు గంటలు. అందులో రాకపోకలకు రెండు గంటలు పోతే, చూడడానికి మూడు నాలుగు గంటలు. ఆరు గంటల కంటే తక్కువ మజిలీ అయితే బయటికి పోవద్దని మా సలహా.

జాస్పర్ కొండలు చూడాలని చాలామందికి కోరిక. అవి ఎడ్మంటన్‌కు పడమట సుమారు 365 కిలోమీటర్లు. పోవడానికి నాలుగు గంటలు, రావడానికి నాలుగు గంటలు. ఒక పగటి మజిలీలో అది కుదరదు. ఎవరైనా తీసుకుపోతామన్నా ఒప్పుకోకండి.

ఇక వెలుతురు. జూన్ నెలలో అక్కడ పగలు 17 గంటలు. డిసెంబరులో ఏడున్నర గంటలు మాత్రమే. సూర్యుడు ఉదయం తొమ్మిదికి కొంచెం ముందు వచ్చి సాయంకాలం నాలుగుంబావుకు వెళ్ళిపోతాడు. చలి ఒక్కొక్కప్పుడు సున్నాకు దిగువ 30 డిగ్రీలకు పోతుంది. చలికాలంలో మజిలీ పడినవారు దూరపు చోట్లు మానుకొని ఊరిలోపలే తిరగడం మేలు.

బండి సంగతి

విమానాశ్రయం ఊరి నడిబొడ్డుకు దక్షిణాన సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. చవకైన మార్గం 747 నంబరు బస్సు. అది సెంచురీ పార్క్ రైలు స్టేషన్‌కు చేరుస్తుంది. అక్కడి నుండి రైలులో ఊరిలోకి పోవచ్చును. ఒంటరిగా పోయే వయసువారికి అది చాలు. ఇద్దరు ముగ్గురు పెద్దవారు కలిసి పోతే, డ్రైవరుతో సహా ఒక కారు గంటల లెక్కన మాట్లాడుకోవడం సుఖం. గుంపుతో పోయే బస్సు మన విమానం కోసం ఆగదు, మన కారు ఆగుతుంది. మోకాళ్ళ నొప్పి గలవారు కావలసినచోట దిగవచ్చును.

కారు మాట్లాడుకొనేటప్పుడు ఈ ప్రశ్నలు అడగండి. మొత్తం ఎంత? ఆగి ఉన్న గంటలకు వేరుగా తీసుకొంటారా? ప్రవేశ రుసుములు అందులో చేరినవా? మా విమానం ఆలస్యమైతే ఏమి చేస్తారు? ప్రయాణికులను ఎక్కించుకొనే అనుమతి, బీమా ఉన్నవా? జవాబులు వ్రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఆల్బర్టాలో రాష్ట్రపు అమ్మకపు పన్ను లేదు. కేంద్రపు పన్ను 5 శాతం మాత్రం పడుతుంది. మంచిగా చూపించిన డ్రైవరుకు పైన కొంత ఇవ్వడం అక్కడి ఆచారం. మీ విమానం వేళను ఎక్కగానే డ్రైవరుకు చెప్పి, ఎన్ని గంటలకు వెనక్కు తిరగాలో ఇద్దరూ ఒప్పుకోండి. ఆ వేళ వచ్చిన తరువాత "ఇంకొక్క చోటు" అనవద్దు.

ఎక్కడికి పోవాలి?

తక్కువ సమయం ఉన్నవారికి డెవన్ పట్టణం దగ్గర. 1947 ఫిబ్రవరి 13వ తేదీన అక్కడ లెడక్ నంబరు 1 అనే బావిలో చమురు పడింది. అంతకు ముందు ఆ కంపెనీ 133 బావులు త్రవ్వి ఏమీ పొందలేదు. ఆల్బర్టా సంపద ఆ బావితో మారిపోయింది. మన పిల్లలు ఈనాడు ఫోర్ట్ మక్మరీలో పని చేస్తున్నారంటే ఆ కథకు మొదలు ఇక్కడే. బావి ఉన్నచోట ఒక ప్రదర్శనశాల ఉన్నది.

ఊరిలో చూడదగినవి నార్త్ సస్కాచెవాన్ నది లోయ, దాని గట్టు మీది శాసనసభ భవనం, 1913లో తెరిచిన హై లెవెల్ వంతెన. చలికాలంలో 1976 నాటి మట్టార్ట్ ఉద్యానం మంచిది. నాలుగు గాజు పిరమిడ్లలో ఒకటి ఉష్ణదేశపు మొక్కలది. బయట మంచు, లోపల మన ఊరి తేమ. వెస్ట్ ఎడ్మంటన్ మాల్ 1981 నుండి పేరు పొందినది. కాని బజారులో గంటలు కరిగిపోవడం మనకు తెలియదు, జాగ్రత్త.

ఆరు గంటలు చేతిలో ఉంటే తూర్పుదారి పట్టండి. అక్కడ ఎల్క్ ఐలండ్ జాతీయ ఉద్యానం ఉన్నది. 1906లో దుప్పుల కోసం కంచె వేసిన చోటు అది. 1907లో అమెరికాలోని మోంటానా నుండి కొన్న అడవిదున్నలను రైలులో తెచ్చి అక్కడ విడిచారు. లక్షలాదిగా ఉండిన జాతి వేటతో అంతరించబోయే దశలో మిగిలిన మంద అది. తరువాత చాలా దున్నలను మరొక చోటికి తరలించగా, వెనుక మిగిలిపోయిన కొన్నింటి సంతతి ఇప్పుడు అక్కడ మేస్తున్నది. కారు దిగకుండా చూడండి.

మేము ఆగిన ఊరు

రెండవసారి వెళ్ళినప్పుడు మేము కారును ముందుగానే కుదుర్చుకొన్నాము. మేనల్లుడికి సెలవురోజు ఏదో కనుక్కొని, ఆ రోజుకే టికెట్టు కొన్నాము. "నీవు నడపవద్దు, మాతో కూర్చో" అన్నాము. వాడు వెనుక సీటులో అత్త పక్కన కూర్చుని, కెనడా పోయిన తరువాత మొదటిసారి దారి చూడకుండా పొలాలు చూశానన్నాడు.

ఎల్క్ ఐలండ్‌ను ఆనుకొని ఉక్రేనియన్ సంస్కృతి వారసత్వ గ్రామం ఉన్నది. వేసవిలోనే తెరుస్తారు. 1892 నుండి 1930 వరకు ఉక్రెయిన్ నుండి వచ్చిన రైతులు కట్టుకొన్న ఇళ్ళు, గుడులు, దుకాణాలు ముప్పైకి పైగా తెచ్చి అక్కడ నిలిపారు. నేలలో గొయ్యి త్రవ్వి పైన గడ్డి మట్టి కప్పిన గుడిసె ఒకటి ఉన్నది. మొదటి చలికాలాలు అటువంటి గుడిసెలలో గడిపారట. ఆ కాలపు బట్టలు కట్టుకొన్న ఒక అమ్మ పొయ్యి దగ్గర నిలబడి, తాను ఆ ఇంటి ఇల్లాలినే అన్నట్లు మాట్లాడింది.

ఆ గుడిసెలో మాకు మన లైన్లు గుర్తుకు వచ్చాయి. 1903 నుండి మద్రాసు ఓడలలో మన తెలుగువారు ఫిజీకి వచ్చిన కాలమూ అదే. అయితే భేదం చూడండి. ఆ రైతులకు పది డాలర్ల రుసుముకు 160 ఎకరాలు. మూడేళ్ళు కాపురముండి సాగు చేస్తే భూమి సొంతం. మనవారికి ఐదేళ్ళ గిర్మిట్, మగవారికి రోజుకు ఒక షిల్లింగు, ఆడవారికి తొమ్మిది పెన్నీలు, నేల మాత్రం సొంతం కాదు. కౌలు గడువులు 1997 నుండి తీరసాగినప్పుడు చెరకుపొలాలు విడిచినవారి పిల్లలే ఈనాడు ఎడ్మంటన్‌లో ఉన్నారు.

ఇంకొక మాట కూడా చెప్పాలి. ఆ 160 ఎకరాలు ఖాళీ నేల కాదు. ఎడ్మంటన్‌కు క్రీ జనుల భాషలో అమిస్క్వచీవాస్కహిగన్, అనగా బీవర్ కొండల కోట, అని పేరు. మన దేశీయుల ఇళ్ళు, అంగళ్ళు ఎక్కువగా ఉన్న మిల్ వుడ్స్ ప్రాంతం ఒకప్పుడు పాపస్చేస్ అనే క్రీ తెగ వారి నేల. 1888లో అది వారి చేతి నుండి పోయింది. నేల పోవడం ఎట్లా ఉంటుందో ఎరిగిన మనం ఆ సంగతి తెలుసుకొని నడవడం మర్యాద.

బడిపంతులుగా మమ్మల్ని ఎక్కువగా ఆకర్షించిన సంగతి వేరు. ఆ రైతుల మనుమలు 1974లో ఎడ్మంటన్ బడులలో ఇంగ్లీషుతో పాటు ఉక్రేనియన్ భాషలో కూడా పాఠాలు చెప్పించే ఏర్పాటు సాధించారు. మేము తెలుగు అక్షరాలు సంఘం తరగతిలో, పెద్దయిన తరువాత దిద్దుకొన్నవారము. ఇంటి భాషకు ప్రభుత్వ బడిలో చోటు దొరకడం ఎంతటి పనో మాకు తెలుసు. ఆ మాట విన్న మేనల్లుడు కొంతసేపు మౌనంగా ఉండి, "మామా, మా అమ్మాయికి అక్షరాలు ఫోనులో నేర్పుతారా?" అని అడిగాడు. ఆ ఆదివారం నుండే మొదలుపెట్టాము.

చివరి మాట

మన పెద్దలకు కూడా మజిలీలు ఉండేవి. మద్రాసు డిపోలో ఓడ కోసం కాచుకొన్నారు. ఫిజీ చేరిన తరువాత నుకులావు దీవిలో రోగపరీక్షల కోసం కాచుకొన్నారు. ఆ గంటలు వారివి కావు, తలుపు తీసి బయటికి పోయే హక్కు వారికి లేదు. మనకు ఆ హక్కు ఉన్నది. దానిని కుర్చీలో నిద్రకు గాని, పిల్లల అలసటకు గాని ఖర్చు పెట్టకండి.

కాగితాలు ముందు చూసుకోండి. గంటలు లెక్కపెట్టుకోండి. ఒకే ఒక చోటు ఎంచుకోండి. బండికి మీ డబ్బు మీరే ఇచ్చి, చుట్టాన్ని అతిథిగా పక్కన కూర్చోబెట్టుకోండి. చూసిన చోటు కొన్నాళ్ళకు మరచిపోవచ్చును గాని, ఆ పక్కన కూర్చున్న గంటలు మరువలేరు. ఇది మా అనుభవం, ఇదే మా మనవి.