ఉరికంబం దాకా వెళ్లిన చిలకలూరిపేట కేసు

చిలకలూరిపేట: పత్తి, మిర్చి పండే ఈ ప్రాంతంలో ఆ రాత్రిని పెద్దవాళ్లు ఇంకా మరిచిపోలేదు. 1993 మార్చి 8న హైదరాబాదు నుంచి చిలకలూరిపేట వస్తున్న ఆర్టీసీ బస్సులో దోపిడీకి దిగిన ఇద్దరు యువకులు పెట్రోలు చల్లి నిప్పంటించారు. 23 మంది ప్రయాణికులు మరణించారు.

1995లో గుంటూరు సెషన్సు కోర్టు ఆ ఇద్దరికీ ఉరిశిక్ష వేసింది. హైకోర్టు ఖరారు చేసింది. 1996 ఆగస్టు 28న సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

అంతకు ముందే ఉరిశిక్ష రాజ్యాంగబద్ధమా అన్న వాదన సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1980లో బచన్‌సింగ్ కేసులో అయిదుగురు జడ్జీలలో నలుగురు చట్టం చెల్లుతుందన్నారు. అయితే హత్యకు మామూలు శిక్ష యావజ్జీవమేనని, ఉరి అత్యంత అరుదైన కేసుల్లోనే వేయాలని కట్టడి చేశారు. ఉరి వేసే జడ్జి ప్రత్యేక కారణాలు రాయాలి. హైకోర్టు ఖరారు చేయనిదే అమలు కాదు.

యావజ్జీవ ఖైదీ హత్య చేస్తే తప్పనిసరిగా ఉరి వేయాలన్న 303వ సెక్షన్‌ను మాత్రం 1983లో అదే కోర్టు కొట్టివేసింది. ముద్దాయి గోడు వినకుండా జడ్జి చేతులు కట్టివేయడం న్యాయం కాదన్నది సారాంశం.

చివరి గడప

పేట కేసులో రాష్ట్రపతి మొదట క్షమాభిక్ష నిరాకరించారు. ఉరికి తేదీ కూడా పడింది. 1997 మార్చిలో సుప్రీంకోర్టు చివరి ఘడియల్లో నిలిపివేసింది. వారు నిరుపేద దళితులని, ఉద్దేశం దోపిడీయే గాని చంపడం కాదని పౌరహక్కుల సంఘాలు వాదించాయి. అయినవారిని పోగొట్టుకున్న కుటుంబాల బాధ ఏ వాదనతోనూ తీరేది కాదు. రాజ్యాంగం 72వ అధికరణం కింద 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ శిక్షను యావజ్జీవంగా మార్చారు.

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఉరిశిక్ష అందులోనూ ఉంది. ప్రత్యేక కారణాలు రాయాలన్న నిబంధనా ఉంది.

ఊళ్లలో తెలియవలసిన మాట ఒకటుంది. సెషన్సు కేసులో లాయరును పెట్టుకునే స్తోమత లేని ముద్దాయికి ప్రభుత్వ ఖర్చుతోనే లాయరును ఇవ్వాలి. ఇందుకు జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు.