నీటి అడుగున ఊపిరి

ఊపిరి బిగబట్టి నీట మునుగుట మనలో పలువురకు చిన్ననాటి విద్య. ఊరి దిగుడుబావిలోనో, ఏటి మడుగులోనో మునిగి, ఒడ్డున నున్నవారు అంకెలు లెక్కపెట్టుచుండగా ఎవరెంతసేపు లోపల నుండగలరో యని పందెములు వేసినవారమే. ఆ ఆటకు మొదటి సూత్రము ఊపిరి వదలకుండుట. స్కూబా అను విద్యకు మొదటి సూత్రము దీనికి పూర్తిగా విరుద్ధము: నీటిలో నున్నంతసేపు ఒక్క క్షణమైనను ఊపిరి బిగబట్టరాదు. ఈ భేదమునకు గల కారణము తెలిసికొన్నచో ఆ విద్యలో సగము తెలిసినట్లే. తక్కిన సగమును మేము మా మిత్రు నొకని వలన నేర్చుకొంటిమి. ఆ సంగతి ముందు మనవి చేసెదము.

మేము ఆరుగురము. ఒకే కళాశాలలో చదివి, నేడు తలకొక ఊరిలో ఉద్యోగములు చేసికొనుచున్నవారము. మాఘమాసమున అయిదు దినముల సెలవు కుదుర్చుకొని అండమాను దీవులకు బయలుదేరితిమి. చెన్నై నుండి విమానము రెండు గంటలలో పోర్టు బ్లెయిరు చేర్చినది. ఆ నగరమునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. అచటి బజారులో తెలుగు మాట వినబడుట క్రొత్త గాదు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల నుండి పోయి స్థిరపడిన కుటుంబములు అచట అనేకములు కలవు. ఆ నగరమునకు ఈశాన్యముగా సుమారు 40 కిలోమీటర్ల దూరమున హేవ్‌లాక్ దీవి యున్నది. 2018 డిసెంబరు నుండి దాని పేరు స్వరాజ్ ద్వీపము. దేశవిభజన తరువాత తూర్పు బెంగాలు నుండి వచ్చినవారికి అచట నివాసము కల్పించిరి. గోవిందనగరము, శ్యామనగరము, రాధానగరము అని వారి గ్రామముల పేర్లు. కొబ్బరితోటలు దాటినచో సముద్రము. ఒడ్డుకు చేరువలోనే పగడపు దిబ్బలు. నీరు ఏడాది పొడవునను గోరువెచ్చగా నుండును. వానకాలము వెళ్ళిన పిమ్మట కెరటము తగ్గి, నీరు తేటపడును. క్రొత్తగా మునుగ నేర్చువారు ఆ దీవిని కోరి పోవుటకు ఇవియే కారణములు.

స్కూబా అనునది నిజమునకు ఒక మాట కాదు. తనకు కావలసిన గాలిని తనతోనే కొనిపోవు నీటిలోని శ్వాసపరికరము అను అర్థమిచ్చు ఆంగ్లపదముల మొదటి అక్షరముల కూర్పు. ఫ్రాన్సు దేశమున నౌకాదళోద్యోగియైన జాక్ ఈవ్ కూస్తో, ఇంజనీరగు ఎమిల్ గన్యాన్ కలసి 1943లో దీనికి నేటి రూపము నిచ్చిరి. వీపున కట్టుకొను సిలిండరులో ప్రాణవాయువు నింపుదురని మేము తలచియుంటిమి. అది పొరపాటు. దానిలో నున్నది మనము నిత్యము పీల్చు గాలియే. సుమారు 11 లీటర్ల నీరు పట్టునంతటి సిలిండరులో రెండువేల లీటర్లకు పైగా గాలిని అదిమి నింపుదురు. అంతటి ఒత్తిడితో గాలి సూటిగా నోటిలోనికి వచ్చినచో ప్రమాదము. అందువలన నడుమ రెగ్యులేటరు అను కవాట ముండును. మనము పీల్చినప్పుడు మాత్రమే అది తెరచుకొని, చుట్టునున్న నీటి ఒత్తిడి యెంతయో అంత ఒత్తిడితోనే గాలి నందించును. ఈ సమానత లేనిచో నీటి బరువునకు ఛాతీ లేవదు. కూస్తో, గన్యానుల ప్రతిభ యంతయు ఈ చిన్న కవాటమునందే కలదు.

ఇప్పుడు ఒత్తిడి సంగతి. సముద్రమట్టమున గాలి మనపై మోపు బరువును ఒక వాతావరణ పీడన మందురు. సముద్రజలములో దిగిన ప్రతి 10 మీటర్లకు మరియొక వాతావరణ పీడనము చేరును. ఒత్తిడి రెట్టింపైనచో గాలి పరిమాణము సగమగునని రాబర్టు బాయిల్ 1662లో ప్రకటించెను. కావున పైన ఊది మూతి కట్టిన బుడగ 10 మీటర్ల లోతున సగమును, 20 మీటర్ల లోతున మూడవ వంతును, 30 మీటర్ల లోతున నాలుగవ వంతును అగును. దీనినే తిరుగవేసి చూడుడు. 10 మీటర్ల లోతున నిండుగా ఊదిన బుడగను పైకి తెచ్చినచో అది రెట్టింపు కావలెను, కాలేక పగిలిపోవును. మన ఊపిరితిత్తులును అట్టి బుడగలే.

పూర్వము తూత్తుకుడి తీరమున ముత్యములకై మునిగిన గజయీతగాండ్రు పైన పీల్చిన గాలితోనే దిగి, ఆ గాలితోనే పైకి వచ్చెడివారు. లోతున కుంచించుకొన్న ఆ గాలి పైకి వచ్చుసరికి మొదటి పరిమాణమునకు చేరునే గాని దానిని మించదు. స్కూబా ధరించినవాడన్ననో లోతుననే ఊపిరి నింపుకొనును. బెదరి, ఊపిరి బిగబట్టి, పైకి దూసికొని వచ్చెనా, ఆ గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులను చీల్చగలదు. దీనికి గొప్ప లోతు అక్కరలేదు. రెండు మూడు మీటర్లు చాలును. మునుగుటలో కంటె తేలుటలోనే ముప్పు అధికము.

రెండవ ముప్పు నత్రజని వలన. గాలిలో నూటికి 78 పాళ్ళు నత్రజనియే. పైన నున్నప్పుడు దాని వలన మనకు కీడు లేదు. లోతున ఒత్తిడికి లోనై అది నెత్తురులోను కండరములలోను కరగును. మెల్లగా పైకి వచ్చినచో వచ్చిన దారినే ఊపిరితో వెలుపలికి పోవును. తొందరపడినచో, గోలీ నొక్కిన సోడాబుడ్డిలో వలె, ఒంటిలో బుడగలు కట్టును. న్యూయార్కులో బ్రూక్లిన్ వంతెనకు పునాదులు వేయుటకై, అదిమిన గాలి నింపిన పెద్ద పెట్టెలలో నదీగర్భమునకు దిగి పనిచేసిన కూలీలకు కీళ్ళు పట్టుకొనిపోయెను. ఆ పని నడిపిన ఇంజనీరు వాషింగ్టన్ రోబ్లింగ్ 1872లో ఈ వ్యాధికే లోబడి మంచము పట్టెను. దీనికి మూలము నత్రజని బుడగలే యని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బెర్ 1878లో తేల్చెను. హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు మేకలపై ప్రయోగములు చేసి, ఎంత లోతున ఎంతసేపు ఉన్నవారు ఎట్లు ఆగియాగి పైకి రావలెనో తెలుపు పట్టికలను 1908లో ప్రకటించెను. నేడు సాధారణముగా పాటించు నియమము, నిమిషమునకు 9 మీటర్లకు మించిన వేగముతో పైకి రాకుండుట, 5 మీటర్ల లోతున మూడు నిమిషములు నిలుచుట. ఒక్కసారి మునిగినవారు 12 గంటలు, పలుమారులు మునిగినవారు 18 గంటలైనను గడువనిదే విమాన మెక్కరాదు. అందువలననే మా సెలవులో కడపటి దినమును మునుగుటకు గాక ఊరు చూచుటకు కేటాయించితిమి.

ఇక మా మిత్రుని సంగతి. మొదటి ఉదయమున శిక్షకుడు మా చేతికొక ప్రశ్నపత్ర మిచ్చెను. ఉబ్బసము కలదా? గుండెజబ్బు కలదా? చెవికి శస్త్రచికిత్స జరిగినదా? ప్రస్తుతము జలుబు కలదా? అందరము అన్నిటికిని 'లేదు' అని వ్రాసి సంతకములు చేసితిమి. పిమ్మట నడుములోతు నీటిలో గంటసేపు అభ్యాసము. కన్నులను ముక్కును కప్పు మాస్కులో చేరిన నీటిని ముక్కుతో ఊది వెడలగొట్టుట, నోటి నుండి జారిన రెగ్యులేటరును వెదకి మరల పెట్టుకొనుట నేర్పిరి. నీటిలో మాట చెల్లదు గనుక సంజ్ఞలు నేర్పిరి. బొటనవ్రేలు పైకెత్తినచో బాగున్నదని అర్థము గాదు, పైకి పోదమని అర్థము. బొటనవ్రేలిని చూపుడువ్రేలిని కలిపి సున్న చుట్టినచో క్షేమము. అరచేయి పరచి అటునిటు ఊపినచో ఏదో యిబ్బంది. గొంతు కడ్డముగా చేయి ఆడించినచో గాలి అయిపోయినదని.

ఇద్దరిద్దరము జతలుగా, జత కొక శిక్షకునితో దిగితిమి. రెండు మీటర్లు దిగుసరికి చెవులలో పోటు మొదలైనది. కర్ణభేరి వెనుకనున్న గాలి కుంచించుకొనుట దీనికి కారణము. ముక్కు మూసికొని మెల్లగా ఊదినచో, గొంతు నుండి చెవికి పోవు సన్నని గొట్టము తెరచుకొని ఒత్తిడి సమానమగును. కనుమదారిలో బస్సు దిగునప్పుడు చెవి మూసికొని, గుటక వేయగానే తెరచుకొనుట అందరకు అనుభవమే. జలుబు చేసినవారికి ఆ గొట్టము వాచి బిగుసుకొనును. అట్టివారు బలవంతముగా దిగినచో కర్ణభేరి చిరుగవచ్చును.

మూడు మీటర్ల వద్ద మా మిత్రుడు అరచేయి ఊపి చెవి చూపెను. శిక్షకుడు అతనిని ఒక మీటరు పైకి తెచ్చి, ఊదించి, మరల దింపెను. ఫలితము లేదు. మరల ఒకసారి యత్నించిరి. ఈసారి మిత్రుడు నొప్పి నోర్చుకొని క్షేమమని సున్న చుట్టెను. శిక్షకుడు ఆ వ్రేళ్ళను నమ్మక మొగము చూచెను. వెంటనే బొటనవ్రేలు పైకెత్తెను. ఒడ్డున మాస్కు తీయగా దానిలో రెండు నెత్తురు చుక్కలు కనబడినవి.

అప్పుడుగాని అసలు సంగతి బయటపడలేదు. అతనికి మూడు దినములుగా జలుబు. "అందరము డబ్బు కట్టి కలసి వచ్చితిమి గదా, నా ఒక్కని వలన మీ ముచ్చట చెడునేమో యని వ్రాయలేదు" అనెను. నిజమునకు కారణ మింకొకటి కలదు. ముందురోజు నౌకలో అతడు "నేను ఒడ్డున కూర్చుందునా?" అని రెండుమారు లడిగినప్పుడు, "నీళ్ళన్న భయమా?" అని మేమే పరిహసించితిమి. ఆ పరిహాసమే ఆ కాగితముపై 'లేదు' అని వ్రాయించినది. శిక్షకుడు కోపపడలేదు. "నీటి విద్యలో ఒక మర్యాద కలదు. ఎవరైనను, ఎప్పుడైనను, కారణము చెప్పకయే వెనుదిరుగవచ్చును. తక్కినవారు ఎందుకని అడుగరాదు" అని మాత్రము చెప్పెను. మా అయిదుగురకును తల వంగినది.

వైద్యుడు పరీక్షించి, కర్ణభేరి చిరుగలేదని, అయినను వారము దినములు మునుగరాదని చెప్పెను. మరునాటి నుండి వంతుల ప్రకారము మాలో ఒకరము అతనితో ఒడ్డున నుండి, తక్కిన నలుగురము దిగితిమి. శిక్షణపత్రము లేనివారిని 12 మీటర్లకు మించి దింపరు. మేము ఎనిమిది మీటర్ల వద్దనే ఆగితిమి.

అచట కన్నులకు చెవులకు లోకము మారును. వస్తువులు ఉన్నదానికంటె పెద్దవిగను, దగ్గరగను తోచును. ఎరుపు రంగు అన్నిటికంటె ముందుగా మాసిపోవును. చేతి దీపము వేసినప్పుడు గాని ఎర్రని పగడము ఎర్రగా కనబడదు. నిత్యము రేడియో వినువారికి మరియొక వింత. శబ్దము గాలిలో కంటె నీటిలో నాలుగు రెట్లకు పైగా వేగముగా, సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. అందువలన రెండు చెవులకు ఇంచుమించు ఒకే క్షణమున సోకి, అది ఏ దిక్కు నుండి వచ్చినదో తెలియదు. పడవ యంత్రపు మ్రోత తలలోనే పుట్టినట్లుండును. చిలుకముక్కు వంటి నోటితో పగడపు రాతిని గీకి తిను చేపల చప్పుడును మేము వింటిమి. అవి మ్రింగిన రాయి ఇసుకయై వెలువడును. ఆ దీవుల తెల్లని ఇసుకలో కొంత వాటి చలువయే.

పగడము రాయి కాదు, మొక్క కాదు. సున్నపు గూళ్ళు కట్టుకొని గుంపుగా బ్రతుకు చిరుప్రాణుల సమూహము. ఆ ప్రాణుల ఒంటిలో కంటికి కనబడని నాచు ఉండి, సూర్యకాంతితో ఆహారము వండి పెట్టును. రంగు నిచ్చునదియు అదియే. నీటి వేడిమి మామూలు కంటె ఒకటి రెండు డిగ్రీలు హెచ్చి కొన్ని వారములు నిలిచినచో, పగడము ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లబారును. నాచు తిరిగి చేరనిచో ఆకలితో చచ్చును. 1998లోను 2010లోను అండమాను దిబ్బలు ఇట్లే తెల్లబారినవి. మేము చూచిన దిబ్బపై జీవముగల రంగుల నడుమ బూడిదవన్నె గూళ్ళును కనబడినవి. చేతితో తాకినను, కాలితో తన్నినను పగడమునకు హాని. దానిని పెకలించి తెచ్చుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ననుసరించి నేరము.

నాలుగవనాడు అందరము కలసి, అడుగున అద్దము బిగించిన పడవ నొకదానిని మాట్లాడుకొంటిమి. మా మిత్రుడు అద్దముపై మొగ మానించి, మేము వర్ణించిన చేపల నొక్కటొక్కటిగా గుర్తుపట్టెను. అతడు మునుగలేదు, మరియొకమారు వచ్చెదననియు చెప్పలేదు. మేమును అడుగలేదు.

ఇట్టి శిక్షణ నేడు విశాఖపట్టణమున ఋషికొండ తీరమునందును లభించుచున్నది. కుటుంబముగనో, స్నేహితులుగనో పోదలచువారు సామగ్రిని గూర్చి చింతింప నక్కరలేదు. దానిని శిక్షకులే సమకూర్తురు. జలుబు, ఉబ్బసము, గుండెజబ్బు ఏదియు దాపరింపక వ్రాయవలెను. నీటిలో ఎడతెగక ఊపిరి తీయుచు, వదలుచు ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంటి గడప దాటకముందే అందరును కూర్చుండి ఒక మాట అనుకొనవలెను: మనలో ఎవరు వెనుదిరిగినను, ఎందుకని రెండవవారు అడుగరాదని.