తోక తుంచినా చెక్కు చెదరవు!

పిల్లలు లెక్కల పుస్తకం పట్టుకొస్తే మనలో చాలామందిమి "మీ నాన్ననడుగు పో" అనేస్తాం. పోపు పెట్టే చేతికి లెక్కలు రావని ఎవరన్నారు? ఈసారి మీరే వాళ్ళకో సరదా లెక్క ఇచ్చి చూడండి.

ప్రధాన సంఖ్య గుర్తుందిగా? ఒకటీ, తనూ తప్ప ఇంకేదీ శేషం లేకుండా భాగించలేని సంఖ్య. ఏడు లడ్డూలున్నాయనుకోండి, ఇద్దరికి పంచినా, ముగ్గురికి పంచినా ఎవరో ఒకరు అలుగుతారు!

ఇప్పుడు 73939133 అని రాయండి. ఇది ప్రధాన సంఖ్య. బెండకాయ కొన తుంచినట్టు చివరి అంకె తీసేయండి. 7393913. ఇదీ ప్రధాన సంఖ్యే! అలాగే 739391, 73939, 7393, 739, 73, 7. ఇలాంటివి మొత్తం 83 ఉన్నాయి. వాటిలో పెద్దది ఇదే.

మరి ఇంకో అంకె చేర్చి ఇంకా పెంచలేమా? అక్కడే ఉంది కిటుకు. చివర సరి అంకె పెడితే రెండుతో పోతుంది, 5 పెడితే అయిదుతో పోతుంది. మిగిలినవి 1, 3, 7, 9. అంకెలన్నీ కూడితే మూడో ఎక్కంలోది వస్తే ఆ సంఖ్య మూడుతో పోతుందని మన చిన్నప్పుడు చెప్పారు కదా. దీని అంకెల మొత్తం 38. 1 చేరిస్తే 39, 7 చేరిస్తే 45. రెండూ మూడుతో పోయేవే! 3 గానీ 9 గానీ చేరిస్తే ఇంకా పెద్ద సంఖ్యలేవో వాటిని భాగించేస్తాయి.

పిల్లలకి అంత పెద్దది వద్దులెండి. 2 తో మొదలెట్టించండి. పక్కన అంకె చేరిస్తే 23, 29 నిలుస్తాయి. 21, 27 మూడో ఎక్కంలో పోతాయి. 29 పక్కన 3 పెడితే 293. దీన్ని 17 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే చాలు, ఎందుకంటే 19 ని 19 తో హెచ్చిస్తేనే 361 అయిపోతుంది. 299 మాత్రం పెద్ద టక్కరిది. చూడ్డానికి బుద్ధిమంతురాలిలా ఉంటుంది గానీ, అది పదమూడు ఇరవైమూళ్ళు! దీని దగ్గర మా చిన్నాడు నాతో అరగంట పోట్లాడాడు.

రెండువైపులా తుంచినా నిలిచేవీ ఉన్నాయండోయ్. 3137 చూడండి. వెనక నుంచి 313, 31, 3. ముందు నుంచి 137, 37, 7. ఇలాంటివి 15 మాత్రమే. వాటిలో పెద్దది 739397. ఒక్క ముందు నుంచే తుంచుకుంటూ పోతే ఇంకా పొడుగుపాటివి దొరుకుతాయి. అన్నిటికంటే పెద్దది 24 అంకెలది: 357686312646216567629137. దీన్ని మాత్రం కంప్యూటరుకే వదిలేయండి.