బ్యాకప్ ఉంది సరే... తిరిగొస్తుందా?

నందివెలుగు పరిసరాల్లో ఏ వరి రైతునైనా అడగండి. ఇంట్లో విత్తనాల బస్తా ఉంది కదా అని నేరుగా నారుమడి పోసెయ్యడు. ముందు వంద గింజలు లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి, ఎన్ని మొలిచాయో చూస్తాడు. ఎనభైకి తగ్గితే ఆ బస్తాను నమ్మడు. కంపెనీల డేటాకూ ఇలాంటి మొలక పరీక్షే కావాలి. ఆ పరీక్ష చేసే ఉద్యోగం పేరు బ్యాకప్ అడ్మినిస్ట్రేటర్.

తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు నుంచి బీటెక్, బీసీఏ, బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తిచేసి హైదరాబాద్ రైలెక్కుతున్నవారిలో చాలామంది నోట ఫుల్‌స్టాక్, డేటా సైన్స్ అన్న మాటలే వినిపిస్తాయి. బ్యాకప్ గురించి చెప్పేవాళ్లు తక్కువ. కానీ బ్యాంకు అయినా, ఆసుపత్రి అయినా, కరెంటు బిల్లులు కట్టించుకునే సంస్థ అయినా ఈ పని లేకుండా ఒక్కరోజు గడవదు. 2019 వేసవిలో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగితే ఆన్‌లైన్‌లో బిల్లు కట్టడానికి వీల్లేక జనం ఇబ్బంది పడ్డారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అక్కడి సిబ్బంది రోజుల తరబడి కాగితాల మీద పని నడిపారు. అలాంటి రోజున అందరూ అడిగే ప్రశ్న ఒక్కటే: బ్యాకప్ ఉందా?

అసలు అడగాల్సింది ఇంకోటుంది. ఆ బ్యాకప్ తిరిగొస్తుందా?

ఐదు దారులున్నా...

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రాత్రిపూట పనిచేస్తూ, ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లోని డేటాబేస్ ఫోల్డర్‌ను తీసేశారు. తేరుకుని ఆపేలోపే దాదాపు 300 జీబీ పోయింది. ఆ సంస్థ దగ్గర బ్యాకప్‌కు ఐదు దారులున్నాయి. చూస్తే ఏ ఒక్కటీ నమ్ముకునేలా లేదు. రోజూ తీయాల్సిన డేటాబేస్ కాపీ అసలు తయారే కావట్లేదు. కారణం చాలా చిన్నది. కాపీ తీసే టూల్ వెర్షన్ 9.2, డేటాబేస్ వెర్షన్ 9.6. ‘బ్యాకప్ ఫెయిలైంది’ అని హెచ్చరించే మెయిళ్లను కూడా మెయిల్ సర్వర్ తిరస్కరిస్తూ వచ్చింది. అదృష్టం కొద్దీ ఆరు గంటల ముందు వేరే పని కోసం ఒకరు తీసిన కాపీ మిగిలింది కాబట్టి సంస్థ బయటపడింది. జరిగిందంతా వాళ్లే దాచకుండా బయటపెట్టారు. ఈ ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే ఆ నివేదికను తప్పక చదవండి.

టేపా? ఇంకా ఉందా?

ఉంది. 2011 ఫిబ్రవరిలో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వినియోగదారుల మెయిళ్లు మాయమయ్యాయి. వేర్వేరు డేటా సెంటర్లలో కాపీలున్నా లాభం లేకపోయింది, లోపం ఆ కాపీలకూ పాకింది. చివరకు గూగుల్ వాటిని టేపుల నుంచి తిరిగి తెచ్చింది. డ్రైవ్‌లోంచి తీసి బీరువాలో పెట్టిన టేపుకు నెట్‌వర్క్ ఉండదు. హ్యాకర్ చెయ్యి అంతదూరం చాచలేడు. టేపుకు అదే బలం.

ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎల్‌టీఓ టేపు. 2000లో వచ్చిన మొదటి తరం టేపులో 100 జీబీ పట్టేది. 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టీబీ పడుతుంది. పెట్టె మీద మాత్రం 45 టీబీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. అది డేటా రెండున్నర రెట్లు కుదించుకుపోతుందన్న లెక్క. వీడియోలు, ఫొటోలు ముందే కుదించి ఉంటాయి కాబట్టి అంత దక్కదు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెప్పగలిగితే మీరు బ్రోచర్ చదివి రాలేదని అవతలివారికి అర్థమవుతుంది.

తప్పు ఎక్కడుంది?

రాత్రి రెండు గంటలకు స్క్రీన్ మీద ఎర్రగుర్తు. బ్యాకప్ ఫెయిల్. కొత్తవాళ్లు చేసే మొదటి పని అదే జాబ్‌ను మళ్లీ నడపడం. ఆ పని చెయ్యొద్దు. ముందు లాగ్ చదవండి. ఉదాహరణకు నెట్‌బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లో 58 కోడ్ వస్తే సర్వర్‌తో కనెక్షన్ కుదరలేదని అర్థం. 84 అంటే టేపు మీద లేదా డిస్కు మీద రాయడంలో లోపం. 96 అంటే రాయడానికి ఖాళీ టేపు దొరకలేదు. మూడూ ఎర్రగుర్తులే. కానీ మొదటిదానికి చూడాల్సింది నెట్‌వర్క్, ఫైర్‌వాల్. రెండోదానికి డ్రైవ్, టేపు, కేబుల్. మూడోదానికి లైబ్రరీలోకి కొత్త టేపులు ఎక్కిస్తే చాలు.

డ్రైవ్ మీద అనుమానమొస్తే తేల్చే పద్ధతి పాతదే, మార్చి చూడటం. అదే టేపును ఇంకో డ్రైవ్‌లో పెట్టండి. ఈ డ్రైవ్‌లో ఇంకో టేపు పెట్టండి. లోపం టేపు వెంట వెళ్తే టేపు చెడింది. డ్రైవ్ దగ్గరే ఉండిపోతే డ్రైవ్‌నో కేబుల్‌నో చూడాలి. ఒకసారి ఒక్కటే మార్చండి. రెండు మూడు కలిపి మారిస్తే సమస్య పోయినా ఎందుకు పోయిందో తెలియదు.

తరచూ ఎదురయ్యేవి మరికొన్ని:

తరం తేడా: ఎల్‌టీఓ 8 డ్రైవ్ ఏడో తరం టేపులను చదువుతుంది, ఆరో తరాన్ని చదవదు. పాత డ్రైవ్‌ను తుక్కుకు వేసేముందు బీరువాలో ఏ తరం టేపులున్నాయో చూడాలి.

క్లీనింగ్: డ్రైవ్ అడిగినప్పుడే క్లీనింగ్ టేపు పెట్టాలి. రోజూ పెడితే హెడ్ అరుగుతుంది. క్లీనింగ్ టేపుకూ ఇన్నిసార్లు అని లెక్కుంది. అది దాటాక పెట్టినా ఫలితముండదు.

నెమ్మదితనం: సర్వర్ నుంచి డేటా చాలినంత వేగంగా రాకపోతే టేపు ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ మొదలవుతుంది. డ్రైవ్ చెడిందనుకుంటారు, చెడలేదు. డేటాను ముందు డిస్కు మీదికి తీసుకుని అక్కడినుంచి టేపుకు పంపితే సర్దుకుంటుంది.

లైనక్స్ మాయ: ఎస్‌టీ0 అనే డివైస్ పేరు వాడితే ప్రతి పని అయ్యాక టేపు మొదటికి చుట్టుకుంటుంది. రెండో బ్యాకప్ వెళ్లి మొదటిదాని మీదే కూర్చుంటుంది. ఎక్కడా ఎర్రర్ రాదు. వరసగా రాయాలంటే ఎన్‌ఎస్‌టీ0 వాడాలి.

తేమ: బాపట్ల తీరంలాంటి చోట్ల ఇది చిన్న విషయం కాదు. వేరేచోటి నుంచి తెచ్చిన టేపును వెంటనే డ్రైవ్‌లో పెట్టకుండా, ఆ గది వాతావరణానికి అలవాటు పడేదాకా ఉంచాలి.

లక్షల డ్రైవ్ లేకుండానే నేర్చుకోవచ్చు

టేపు లైబ్రరీ ధర లక్షల్లో ఉంటుంది, మనకెక్కడ దొరుకుతుంది అనుకోవద్దు. 8 జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటరు చాలు. వర్చువల్‌బాక్స్‌లో లైనక్స్ వేసుకోండి. ఎంహెచ్‌వీటీఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది లేని టేపు లైబ్రరీని ఉన్నట్టే చూపిస్తుంది. దానికి బాక్యులా అనే ఉచిత బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ను జతచేయండి. విండోస్ మీద నేర్చుకోవాలంటే వీమ్ కమ్యూనిటీ ఎడిషన్ ఉంది, 10 వర్క్‌లోడ్ల వరకు ఉచితం.

తర్వాత కావాలని చెడగొట్టండి. బ్యాకప్ మధ్యలో నెట్‌వర్క్ తీసేయండి. డిస్కు నింపేయండి. పాస్‌వర్డ్ మార్చండి. ఒక్కో లోపానికి లాగ్‌లో ఏ వాక్యం వచ్చింది, ఏం అనుమానించారు, ఎలా తేల్చారు, చివరికి ఏది పనిచేసింది... నోటుబుక్కులో రాసుకోండి. ఇలాంటివి ఇరవై ఉంటే, ఇంటర్వ్యూలో ‘ఎక్స్‌పీరియన్స్ ఉందా?’ అన్నప్పుడు తలదించుకోనక్కర్లేదు. ఆ నోటుబుక్కు తీసి చూపించొచ్చు.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ మూడూ గట్టిగా తెలియాలి. ఒకటి, 3-2-1 సూత్రం: డేటా మూడు కాపీలు, రెండు రకాల మాధ్యమాల మీద, ఒకటి వేరే చోట. రెండు, ఆర్‌పీఓ: ఎంతసేపటి డేటా పోయినా సంస్థ తట్టుకోగలదు. మూడు, ఆర్‌టీఓ: ఎంతసేపట్లో పని మళ్లీ మొదలవ్వాలి. ఉదాహరణ మనూరి నుంచే ఇవ్వండి. రైస్‌మిల్లు లెక్కల బ్యాకప్ రాత్రి ఒకసారి తీస్తే సరిపోవచ్చు. బ్యాంకు శాఖకు అది కుదరదు.

ముందే తెలుసుకోండి

ఈ పనిలో రాత్రి షిఫ్టులు ఎక్కువ. బ్యాకప్‌లు నడిచేది జనం నిద్రపోయే వేళే మరి. మొదటి ఏడాది ఎల్1 పని అంటే మానిటరింగ్, టికెట్లు. అక్కడే ఆగిపోకుండా స్టోరేజీ, క్లౌడ్, స్క్రిప్టింగ్ నేర్చుకుంటూ పోవాలి. బాగా చేసినంతకాలం మీరున్నట్టే ఎవరికీ తెలియదు. మెచ్చుకోళ్లు కావాలనుకునేవారికి ఇది కాస్త కష్టమే. డబ్బు కడితే ఈ ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీల గుమ్మం మాత్రం తొక్కొద్దు. ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ కొనుక్కుని లోపలికెళ్లినా, మొదటి 84 కోడ్ దగ్గరే సంగతి బయటపడుతుంది.

మొదలుపెట్టడానికి ఏ కోర్సూ అక్కర్లేదు. మీ ప్రాజెక్టు రిపోర్టు, సర్టిఫికెట్ల స్కాన్లు పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి కదా? ఈ రాత్రే వాటిని వేరే కంప్యూటర్‌లోకి కాపీ చేసి, ఒక్కొక్కటీ తెరిచి చూడండి. తెరుచుకోని ఫైలు ఒక్కటి కనిపించినా, ఎందుకు తెరుచుకోలేదో రాసుకోండి. మీ నోటుబుక్కులో మొదటి పేజీ అదే.