ప్లే నొక్కగానే చక్రం ఎందుకు తిరుగుతుంది? తెర వెనక జరిగేది ఇదే!

ప్లే బటన్ నొక్కారు. స్క్రీన్ మీద చక్రం గిరగిరా తిరిగింది. కాసేపటికి వీడియో మొదలై, ఇక ఆగకుండా నడిచింది. ఆ మొదటి క్షణాల్లో మీ ఫోన్ చేసిన పనుల్లో ఒకటి.. సర్వర్‌తో పరిచయం చేసుకోవడం!

ముందు పరిచయం, తర్వాతే డేటా

హెచ్‌టీటీపీఎస్ అంటే సురక్షిత కనెక్షన్. ఇందులో ముందుగా ఫోన్, సర్వర్ మధ్య లైన్ కలవాలి. దీనికి ఒకసారి సందేశం వెళ్లి రావాలి. తర్వాత సర్వర్ తన సర్టిఫికెట్ చూపించాలి, రెండూ కలిసి రహస్య తాళాలు కుదుర్చుకోవాలి. పాత టీఎల్ఎస్ 1.2 పద్ధతిలో దీనికి మరో రెండు ట్రిప్పులు పడతాయి. 2018లో వచ్చిన టీఎల్ఎస్ 1.3లో ఒక్కటి చాలు.

లెక్క చూద్దాం

ఒక ట్రిప్పుకి 100 మిల్లీసెకన్లు అనుకుందాం. పాత పద్ధతిలో పరిచయానికే 300 మిల్లీసెకన్లు. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఆన్‌లైన్ వీడియో సాధారణంగా చిన్న చిన్న ముక్కలుగా వస్తుంది. ఒక్కో ముక్క 6 సెకన్లు అయితే 10 నిమిషాల వీడియోకి 100 ముక్కలు. ప్రతి ముక్కకీ కొత్త కనెక్షన్ పెట్టుకుంటే మొత్తం 30 సెకన్లు పరిచయాలకే పోతాయి!

మరి పరిష్కారం?

కిరాణా షాపుకి ఫోన్ చేసి ఉప్పు చెప్పి కట్ చేసి, మళ్లీ చేసి పప్పు చెప్పం కదా! లిస్ట్ అంతా ఒకే కాల్‌లో చెప్పేస్తాం. ఇక్కడా అంతే. ఒకసారి కలిసిన కనెక్షన్‌నే మళ్లీ మళ్లీ వాడతారు. 1997లో వచ్చిన హెచ్‌టీటీపీ 1.1 నుంచి ఇదే మామూలు పద్ధతి. 2015లో వచ్చిన హెచ్‌టీటీపీ 2తో ఒకే కనెక్షన్‌పై చాలా రిక్వెస్టులు ఒకేసారి పంపే వీలు కలిగింది.

ఇది సేఫేనా?

సేఫే. మళ్లీ వాడినా ప్రతి డేటా ముక్కా తాళం పడే వెళ్తుంది.

పాజ్ చేస్తే మళ్లీ చక్రమెందుకు?

ఖాళీగా ఉన్న కనెక్షన్ కూడా సర్వర్ మెమరీ తింటుంది. అందుకే కొంతసేపు చూసి మూసేస్తుంది. మామూలు సెట్టింగ్స్‌లో ఎన్‌జింక్స్ సర్వర్ 75 సెకన్లు ఆగితే, అపాచీ 5 సెకన్లే ఆగుతుంది. వైఫై నుంచి మొబైల్ డేటాకి మారినా ఐపీ అడ్రస్ మారిపోయి పాత లైన్ తెగుతుంది. 2022లో ప్రమాణంగా వచ్చిన హెచ్‌టీటీపీ 3లో మాత్రం కనెక్షన్‌కి సొంత గుర్తింపు నంబర్ ఉంటుంది. కాబట్టి నెట్‌వర్క్ మారినా అదే కనెక్షన్ కొనసాగే వీలుంది.

మీరేం చేయాలి?

యాప్, బ్రౌజర్ అప్‌డేట్ చేసుకోండి. కొత్త పద్ధతులు వాటితోనే వస్తాయి. మొదట్లో కాకుండా వీడియో మధ్యమధ్యలో ఆగుతుంటే మాత్రం ముందు నెట్ స్పీడ్ చెక్ చేసుకోండి.