కంప్యూటరు పలకడం లేదా?

బటన్ నొక్కారు. లైటు వెలగలేదు, ఫ్యాను చప్పుడూ లేదు. రిపేరు అబ్బాయిని పిలిస్తే ఒక్కోసారి "మదర్‌బోర్డు పోయిందండీ" అనేస్తాడు. అదంటే వేలల్లో మాట! పొయ్యి వెలగకపోతే ముందు సిలిండరు చూస్తాం కదా. ఇక్కడా అంతే. కరెంటు అందుతోందో లేదో ముందు చూడండి.

డెస్క్‌టాప్ వెనక వైరు దూర్చే చోట లోపల ఒక ఇనప పెట్టె ఉంటుంది. షాపుల్లో దాన్ని ఎస్సెంపీఎస్ అంటారు. గోడలోంచి వచ్చే 230 వోల్టులను 12, 5, 3.3 వోల్టులుగా మార్చి లోపలి భాగాలకు పంచేది అదే.

ముందుగా ఆ ప్లగ్గులో టేబుల్ లైటు పెట్టి చూడండి. వెలిగితే స్పైక్ బస్టర్నీ, యూపీఎస్‌నీ తప్పించి కంప్యూటరును నేరుగా గోడకే పెట్టండి. వైరు మీద అనుమానమా? చాలా మానిటర్లకు అదే రకం వైరు ఉంటుంది, మార్చి చూడండి. పెట్టె వెనక చిన్న స్విచ్ ఉంటే సున్నా వైపు కాక, గీత వైపు నొక్కి ఉండాలి. బూజు దులిపేటప్పుడు చెయ్యి తగిలి అది ఆగిపోవడం మామూలే. పాత పెట్టెలకు 115, 230 అని ఎర్ర మీట కూడా ఉంటుంది. పిల్లలు దాన్ని 115కి జరిపారో, స్విచ్ వెయ్యగానే ఢామ్మంటుంది!

అన్నీ సరిగ్గానే ఉంటే ప్లగ్గు పీకేసి, ముందు బటన్‌ను పదిహేను సెకన్లు నొక్కి ఉంచండి. అయిదు నిమిషాలాగి మళ్లీ పెట్టండి. కరెంటు ఎగుడుదిగుడులకు తనంతట తాను ఆగిపోయిన ఎస్సెంపీఎస్ ఒక్కోసారి ఇంతమాత్రానికే లేస్తుంది.

లేవకపోతే మెకానిక్ చేసే పరీక్షేమిటో తెలుసుకుని ఉండండి. మదర్‌బోర్డు నుంచి 24 పిన్నుల ప్లగ్గు ఊడదీసి, అందులోని ఒకే ఒక్క ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలుపుతాడు. ఫ్యాను తిరిగితే పెట్టెలో ప్రాణం ఉన్నట్టే. అయినా బాగుందని చెప్పలేం. ఉత్తప్పుడు తిరిగి, బరువు పడగానే చతికిలబడేవి ఉంటాయి. అందుకే కంప్యూటరు నడుస్తుండగా మీటరు పెట్టి చూడమనండి. పసుపు తీగ మీద 11.4 నుంచి 12.6 లోపు, ఎర్ర తీగ మీద 4.75 నుంచి 5.25 లోపు రావాలి. మదర్‌బోర్డు మార్చాలనే ముందు ఈ లెక్క అడగడానికి మొహమాటపడకండి.

పని చేస్తూ చేస్తూ దానంతట అదే ఆగి మొదలవుతుంటే దీన్నీ అనుమానించాలి. లోపల దుమ్ము పేరుకుని వేడెక్కినా అలాగే ఆగుతుంది. కాలిన వాసన వస్తే మాత్రం వెంటనే గోడ దగ్గర స్విచ్ ఆపెయ్యండి.

క్యాబినెట్ తాకితే జివ్వుమంటోందని చాలామంది ఎస్సెంపీఎస్‌ను తిడతారు. చాలా ఇళ్లలో తప్పు దానిది కాదు, ఎర్తింగుది. ఈ పెట్టె లోపలి ఫిల్టరు కొద్దిపాటి కరెంటును ఎర్తు తీగకు వదులుతుంది. ఎర్తు లేకపోతే అది రేకుమీదే ఆగి, మన వేళ్లకు తెలుస్తుంది. రెండు పిన్నుల అడాప్టరు మీద నడిపే ఇళ్లలో ఇది మరీ ఎక్కువ. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ పాయింటుకు ఎర్తు చూపించండి. అన్నీ బాగుంటే ఇంకా జివ్వుమంటేనే ఎస్సెంపీఎస్ సంగతి. అందాకా చెప్పులు లేకుండా, తడి చేతులతో పిల్లల్ని దాన్ని తాకనివ్వొద్దు.

ఇంకో మాట. మిక్సీ విప్పినంత ధీమాగా ఈ పెట్టెను విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటరులో 300 వోల్టులకు పైగా నిలవ ఉండవచ్చు.

మార్చక తప్పకపోతే పాతదాని మీద రాసిన వాట్లకు తగ్గకుండా, వారంటీ బిల్లుతో కొనండి. మరీ చవగ్గా, చేతికి బరువు తగలకుండా ఉన్నది నాకైతే నమ్మకం లేదు. బిగించాక మీ ఎదురుగానే ఓ అరగంట నడిపించమనండి.