సాఫ్ట్‌వేర్ తెరుచుకోవడం లేదా? ఫోల్డర్ అనుమతులను పరిశీలించండి

విండోస్ కంప్యూటర్లలో పాత బిల్లింగ్, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్లు కొన్నిసార్లు ‘యాక్సెస్ డినైడ్’ అనే సందేశంతో ఆరంభంలోనే నిలిచిపోతాయి. ఇందుకు తరచూ ఫోల్డర్ అనుమతులే కారణం. 2007లో మార్కెట్లోకి వచ్చిన విండోస్ విస్టా నుంచి, అడ్మినిస్ట్రేటర్ ఖాతాలోనూ ప్రోగ్రాములు సాధారణంగా పరిమిత హక్కులతోనే నడుస్తున్నాయి. అందువల్ల ‘ప్రోగ్రామ్ ఫైల్స్’లోని తమ సొంత ఫోల్డర్‌లో సైతం అవి డేటాను రాయలేవు.

దీన్ని సరిదిద్దేందుకు ఆ సాఫ్ట్‌వేర్ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి, ‘ప్రాపర్టీస్’లోని ‘సెక్యూరిటీ’ ట్యాబ్ తెరవాలి. ‘ఎడిట్’ నొక్కి, ‘యూజర్స్’కు ‘మాడిఫై’ అనుమతినివ్వాలి. దీనికి అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ అవసరం కావచ్చు.

అయితే ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌కు ఈ అనుమతినిస్తే, మాల్‌వేర్ ఆ ప్రోగ్రామునే మార్చివేసే ప్రమాదముంది. కాబట్టి డేటా ఫైళ్లు విడిగా ఉంటే ఆ ఉపఫోల్డర్‌కే అనుమతిని పరిమితం చేయాలి. సీ డ్రైవ్ మొత్తానికి మాత్రం ఎన్నడూ ఇవ్వరాదు.